సమస్యాపూరణం: "చంపి బతికె నొకడు చచ్చి బతికె"

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. దత్తాంశం, అంటే పద్యం చెప్పాల్సిన విషయం, హారీ పాటర్ నవలల్లోని హంతకుడు వోల్డెమార్ట్. ఏడు నవలల్లో ఏ ఘట్టమైనా సరే. పేరు పద్యంలో ఇరికించక్కర్లేదు, ఆ పేరును గణాల్లో కూర్చోబెట్టబోతే ముందు మన ప్రాణం పోతుంది.

గుంటూరు సభ్యురాలు:
తన్ను కన్న తండ్రి దయలేక దునుమాడి
యాత్మ నేడు చోట్ల నణచి దాచి
శాప మెదురు తిరుగ సత్తువ యుడిగియు
చంపి బతికె నొకడు చచ్చి బతికె

నిర్వాహకుడు: యతులు చక్కగా పడ్డాయమ్మా. తండ్రితో ఎత్తుకోవడం ఇంకా బాగుంది. 1995లో వాడు మళ్ళీ ఒళ్ళు తెచ్చుకున్నది ఆ తండ్రి సమాధి దగ్గరే, ఆయన ఎముక వేసి కాచిన కాగులోంచే. "చంపి బతికె"కు అంతకంటే గట్టి సమర్థన దొరకదు. చిక్కల్లా "ఏడు" దగ్గర. పసివాడు హారీ మీద వేసిన శాపం తిరగబడింది 1981 అక్టోబర్ 31 రాత్రి. అప్పటికి ఆత్మ ముక్కలు దాచినవి డైరీ, ఉంగరం, లాకెట్, కప్పు, కిరీటం, అంతే. వాడి పాము నాగిని తర్వాత చేరింది. "నైదు" అనండి, గణం చెడదు.

గుంటూరు సభ్యురాలు: వాడి కోరిక ఏడే కదా మాస్టారూ! ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం పెట్టుకున్న మాయల ఫకీరు కథ వింటూ పెరిగినదాన్ని, ఏడు వదలబుద్ధి కావట్లేదు.

నిర్వాహకుడు: ఫకీరుకు ఒకటే చిలక తల్లీ. వీడి లెక్కలో దాచేవి ఆరు, ఏడో ముక్క వాడి ఒంట్లోనే ఉండాలి.

డాలస్ సభ్యుడు:
చావనంగ జడిసి జనుల గూల్చెను వాడు
అడవి దారి బాలు డభయు డేగె
వెరపు తోడ వాడు వెరవక వీడును
చంపి బతికె నొకడు చచ్చి బతికె

గుంటూరు సభ్యురాలు: అబ్బ, చెప్పిన వరసలోనే అన్వయించే క్రమాలంకారం! కానీ "ఒకడు" ఇద్దరికీ ఎలా సరిపోతాడు?

నిర్వాహకుడు: మూడో పాదంలోనే విడదీశారు కాబట్టి అన్వయం నడుస్తుంది. "వాడు" అన్నాక మళ్ళీ "ఒకడు" రావడం మాత్రం కాస్త అడ్డుపడుతోంది. "వాడు / అడవి" సంధి కలపని విసంధి. "జనుల గూల్చెను ఖలుం / డడవి దారి" అంటే పోతుంది. హారీ మంత్రదండం ఎత్తకుండా చావుకు ఎదురెళ్ళిన ఘట్టాన్ని రెండో పాదంలో సరిపెట్టారు, భేష్. నా ఓటు దీనికే.

విజయవాడ సభ్యుడు:
గురుని కొడుకు రేయి కూల్చె బాలుర నెల్ల
గర్భమందు శిశువు గాచె శౌరి
యతడు శాప మొందె నభిమన్యు సుతు డిట్లు
చంపి బతికె నొకడు చచ్చి బతికె

నిర్వాహకుడు: పరీక్షిత్తు "చచ్చి బతికె"కు అతికినట్టు సరిపోయాడు. దత్తాంశం మాత్రం గోడ దూకింది.

విజయవాడ సభ్యుడు: నిద్రలో నరికినవాడు ఒకడు, ఉయ్యాల్లో పిల్లాడి మీద మంత్రం వేసినవాడు ఇంకొకడు. అన్నదమ్ముల్లా లేరూ మాస్టారూ?

నిర్వాహకుడు: అశ్వత్థామకు చావు రాకపోవడమే శాపం. వోల్డెమార్ట్ జీవితమంతా వెతుక్కున్నది అదే వరంగా. ఈ ముక్క మూడో పాదంలో పడితే దత్తాంశంలోకి వచ్చేసినట్టే, ఇంకోసారి రాసి పెట్టండి.