అప్‌డేట్: హీలియం-3 సెల్ గొడవ తీరింది

పోయిన వారం అడిగాను కదా, న్యూట్రాన్ బీమ్‌లో పెట్టిన హీలియం-3 సెల్ (ఆ వాయువు నింపిన గాజు పాత్ర) పోలరైజేషన్, అంటే బుల్లి అయస్కాంతాల్లాంటి పరమాణువుల స్పిన్‌లు ఒకే దిక్కుకి ఉండటం, సాయంత్రం 70 శాతం ఉంటే తెల్లారేసరికి 38కి పడిపోతోందని. గాజు మీద అనుమానపడ్డాను. పాపం, దాని తప్పేం లేదు. సెల్‌ని పోలరైజ్ చేయడానికి వాడే 795 నానోమీటర్ల లేజర్ ఉన్న ల్యాబ్‌లో అదే సెల్ పోలరైజేషన్ రోజుల తరబడి నిలిచింది.

మీలో ఒకరు అయస్కాంతం పట్టుకుని చుట్టూ వెతకమన్నారు. వెతికాను (సెల్ తీసేశాకే లెండి). శాంపిల్ స్టాండ్ కింద ఒక బోల్టు టక్కున అతుక్కుంది! మిగతావన్నీ అల్యూమినియం, ఇదొక్కటే మామూలు ఉక్కు. దాంతో సెల్‌లో అయస్కాంత క్షేత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉండి, లోపల తిరిగే హీలియం పరమాణువుల స్పిన్ చెదిరిపోతోంది.

ఇత్తడి బోల్టు వేశాక నిన్న రాత్రి 70 నుంచి 65కే తగ్గింది. ఆ ఉక్కుది ఎవరు బిగించారో విచారించలేదు. బహుశా నేనే.