వైజాగ్‌లో చిన్న టెక్ మీటప్ మొదలుపెట్టాలంటే ఎక్కడ పెట్టాలి, ఎవరిని పిలవాలి?

ఎంవీపీ_రిమోట్ (ప్రశ్న)

నమస్తే అండి. బెంగళూరులో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, కోవిడ్ టైములో ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పగలు కంపెనీ పని. సాయంత్రాలు సొంత పని: చిన్న క్లినిక్‌లకి టోకెన్లు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్. కోడ్ రాయడం పెద్ద సమస్య కాదు. డాక్టరుగారిని ఎంత అడగాలి, నెలకి తీసుకోవాలా ఏడాదికా, ముందు కూర్చునే రిసెప్షనిస్టుకి నచ్చకపోతే ఏం చెయ్యాలి, ఇలాంటివి అడగడానికి మనిషి లేడు. బెంగళూరులో అయితే ఎవరో ఒకరు దొరికేవారు.

2025 అక్టోబరులో గూగుల్ ఏఐ హబ్ ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి వైజాగ్ టెక్ పేరుతో వాట్సాప్ గ్రూపులు బోలెడు వచ్చాయి. చేరి చూశాను. సగం మెసేజ్‌లు భీమిలి వైపు స్థలాల రేట్లు, మిగతా సగం ‘జాబ్ ఉంటే చెప్పండి’.

పది పదిహేనుమందితో నెలకోసారి కూర్చుందామని ఉంది. ఎక్కడ పెట్టాలి? డబ్బులు తీసుకోవాలా? ఎవరైనా పెద్దమనిషిని ముఖ్య అతిథిగా పిలిస్తే జనం వస్తారా? ఇక్కడ నిజంగా నడిపినవాళ్లు ఉంటే చెప్పండి.

గాజువాక_గురుడు

ఏటండీ బాబూ, మళ్లీ మొదలా? పదేళ్ల కిందట రుషికొండ మీద స్టార్టప్ విలేజ్ అన్నారు. 2016లో బ్యాంకింగ్ టెక్నాలజీ కంపెనీల కోసం ఫిన్‌టెక్ వ్యాలీ అన్నారు. కొన్నేళ్లకోసారి బ్యానర్ మారుతోంది, బ్యానర్ కట్టే కుర్రాడు మాత్రం ఒకడే. పైగా ఏం పెట్టినా ఆ కొండ మీదే. గాజువాక నుంచి బయల్దేరినవాడు ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటుకుని అక్కడికి చేరేసరికి సమోసాలు కూడా అయిపోతాయి. ఆదివారం వైజాగ్ జనం బీచ్‌కి వస్తారు, మీటప్‌కి రారు.

క్లియరింగ్_కోడ్

గురువుగారు చెప్పినదాంట్లో దూరం సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. మిగతాది సగం నిజం. ఆయన చెప్పినవన్నీ పైనుంచి వచ్చినవి: బిల్డింగు, పాలసీ, ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చోటూ సలహాలూ ఇచ్చే కేంద్రం). కుర్చీలకి ఈ ఊళ్లో లోటు లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంక్యుబేషన్ సెంటర్ ఉంది, ఐఐఎంకి ఒకటుంది, వైద్య పరికరాలు చేసేవాళ్లకి పెదగంట్యాడలో మెడ్‌టెక్ జోన్ ఉంది. ఒకరికొకరు తెలియకపోవడమే లోటు. ఆ పని ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు, చెయ్యక్కర్లేదు కూడా.

పోర్టులో దిగిన సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించే క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసులకి నేను సాఫ్ట్‌వేర్ చేస్తాను. మధురవాడలో చిన్న ఆఫీసు. మా గుంపు నెలనెలా కలుస్తుంది కాబట్టి తెలిసినంత చెప్తాను.

ముందు చోటు. రుషికొండ వద్దు, గాజువాక వద్దు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉండాలి. మేం ద్వారకానగర్‌లో ఒక టిఫిన్ హోటల్ మేడ మీద కూర్చుంటాం. మధ్యాహ్నం భోజనాలైపోయి, సాయంత్రం టిఫిన్లు ఇంకా మొదలుకాని టైములో వాళ్లకీ ఆ గది ఖాళీయే. ఎవరి కాఫీ టిఫిన్ డబ్బులు వాళ్లవే. ఆ పక్కనే పౌర గ్రంథాలయంలో సాహిత్య సభలు ఏళ్ల తరబడి జరుగుతున్నాయి. పదిమందే వచ్చినా సభ ఆగదు. మన టెక్ వాళ్లకి ఆ ఓపిక లేదు. ఒకసారి ఆరుగురే వస్తే ‘వర్కవుట్ కాలేదు’ అని మానేస్తాం.

రోజు మార్చకండి. మాది రెండో శనివారం. బ్యాంకులకి సెలవు, చాలా ఆఫీసులకీ సెలవు. తేదీ ఎప్పుడని ఎవరూ అడగక్కర్లేదు. తుఫాను హెచ్చరిక ఉంటే తప్ప వాయిదా లేదు. పోల్ పెట్టి ‘ఏ రోజైతే బాగుంటుంది’ అని అడిగారా, ఇక ఆ మీటప్ జరగదు.

ముఖ్య అతిథి అసలు వద్దు. ఆయన గంటన్నర ఆలస్యంగా వస్తారు. అంతవరకూ ఎవరూ మొదలుపెట్టరు. తర్వాత శాలువా, బొకే, ఫొటో, ‘యువత దేశానికి వెన్నెముక’. మీ క్లినిక్ బిల్లింగ్ గురించి ఎవరు మాట్లాడతారు?

ఫ్రీగా హాలు ఇస్తామన్నా ఒకసారి ఆలోచించండి. పేరు ఎందుకులెండి, కుర్చీలు అద్దెకిచ్చే ఒక కో-వర్కింగ్ ఆఫీసు వాళ్లు మాకిచ్చారు. సగం టైము వాళ్ల మెంబర్‌షిప్ ప్లాన్లు వినడానికే పోయింది.

ఎలా నడపాలన్నదానికి అమెరికాలోని కాన్సస్ సిటీలో 2012లో మొదలైన ‘వన్ మిలియన్ కప్స్’ పద్ధతి చూడండి. బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ కూర్చుంటారు. ఒక స్టార్టప్ మనిషి ఆరు నిమిషాలు చెప్తాడు, ఇరవై నిమిషాలు ప్రశ్నలు. చివర ఒకే మాట అడుగుతారు: మేమంతా కలిసి నీకేం చెయ్యగలం? మేం దీన్నే తీసుకున్నాం, కాకపోతే ఆరు నిమిషాలు మనవాళ్లకి చాలవు. నమస్కారాలకే రెండు పోతాయి. పది ఇస్తాం. స్లైడ్లు వద్దంటాం, నడుస్తున్న వస్తువే చూపించాలి, సగం విరిగిపోయినా సరే. చివరి ప్రశ్న మాత్రం వదలం. ‘ఇన్వెస్టర్ కావాలి’ అంటే ఒప్పుకోం. ‘అక్కయ్యపాలెంలో మీకు తెలిసిన పిల్లల డాక్టరు ఎవరైనా ఉన్నారా’ లాంటిది అడగాలి. అలాంటిది అడిగితే గదిలో ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రోగ్రామర్లని మాత్రమే పిలవకండి. బెంగళూరులో ఇంజనీరుకి ఇంజనీరే కస్టమర్. ఇక్కడ అలా కుదరదు. కానీ ఈ ఊళ్లో పోర్టుంది, ఫిషింగ్ హార్బర్ ఉంది, పరవాడలో ఫార్మా సిటీ ఉంది, భీమిలి తీరంలో రొయ్య పిల్లల హేచరీలున్నాయి, ఆటోనగర్ ఉంది. తలనొప్పులున్న మనుషులు ఊరంతా ఉన్నారు. ప్రతిసారీ వాళ్లలో ఒకర్ని కూర్చోబెట్టండి, ఉపన్యాసానికి కాదు, వాళ్ల పనిలో ఏది విసిగిస్తోందో చెప్పడానికి.

మా దగ్గరికి ఒక క్లియరింగ్ ఏజెంటుగారు వచ్చారు. కంటైనర్ దిగాక షిప్పింగ్ లైను కొన్ని రోజులు ఉచితంగా ఇస్తుంది, అది దాటితే రోజుకింత అని డిటెన్షన్ అనే ఛార్జీ పడుతుంది. మేమంతా ఆలస్యం కస్టమ్స్ దగ్గరే అనుకుంటున్నాం. ఆయన నవ్వి, ‘దిగుమతి డిక్లరేషన్, అదే బిల్ ఆఫ్ ఎంట్రీ, కస్టమ్స్ వారి ఐస్‌గేట్ వెబ్‌సైటులో వేసెయ్యడం ఎంతసేపండీ, సరుకు తెప్పించుకున్న పార్టీ దగ్గర్నుంచి కాగితం రాదు, అదీ బాధ’ అన్నారు. సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ వాట్సాప్‌లో వంకరగా తీసిన ఫొటోగా వస్తుంది, నంబరు కనపడదు, మళ్లీ అడగాలి. గదిలో ఒక కుర్రాడు వెంటనే ఏఐతో చదివించేద్దాం అన్నాడు. ఆయనకి కావలసింది అది కాదు. పొద్దున్న ఆఫీసుకి రాగానే ఏ కంటైనర్‌కి ఏ కాగితం రాలేదో, ఉచిత రోజులు ఎన్ని మిగిలాయో ఒకే పేజీలో ఎర్రగా కనపడాలి. అంతే. ఆ పేజీతోనే నా కంపెనీ మొదలైంది, ఆయనే మొదటి కస్టమరు.

ఇలాంటివాళ్లు నోరు విప్పాలంటే మాటలు తెలుగులో సాగాలి. ఇద్దరు ఇంగ్లీషులో అందుకున్నారంటే ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి టీ తాగి వెళ్లిపోతాడు.

సంక్రాంతి వదలకండి. హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్లంతా అప్పుడు ఊళ్లోనే ఉంటారు. ఆ ఒక్క నెలా రెండో శనివారం పక్కనపెట్టి, పండగయ్యాక వాళ్లు తిరుగు రైలెక్కే లోపు పెట్టండి. కనుమ రోజు మాత్రం వద్దు, మాంసం తిని అందరూ నిద్రలో ఉంటారు.

బీచ్‌రోడ్_డేటా

పైన చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. నేను రెండు మూడు చోట్ల మీటప్‌లకి వెళ్లి మానేశాను. కారణం సబ్జెక్టు కాదు. ఆరింటికి అని తొమ్మిదిన్నర దాకా సాగదీస్తారు, ఆ తర్వాత ఎండాడ వైపు బస్సు కోసం నిలబడాలి. ఎవరెవరు వస్తున్నారో ముందు తెలియదు. లోపలికి వెళ్తే నేనొక్కదాన్నే ఆడమనిషిని, వచ్చిన ప్రతివాడూ ‘మీరు హెచ్‌ఆరా అండి?’ అని అడుగుతాడు.

మొదలయ్యే టైముతో పాటు అయిపోయే టైము కూడా రాయండి, ఆ టైముకి లేవండి. మాట్లాడేవాళ్ల పేర్లు రెండు రోజుల ముందే పెట్టండి. మొదటి నెలే ఒక మహిళకి డెమో అవకాశం ఇవ్వండి, ‘మహిళా దినోత్సవానికి చూద్దాంలెండి’ అనకండి.

ఎంవీపీ_రిమోట్

చాలా థ్యాంక్స్ అండి అందరికీ. నాలుగు నుంచి ఆరు వరకు అని రాస్తాను మేడమ్, ఆరుకి లేస్తాం. మీ డెమో ఉంటే మొదటి నెల మీదే.

క్లియరింగ్ అన్నా, రెండు అనుమానాలు. విద్యార్థుల్ని ఏం చెయ్యాలి? వస్తే వందమంది వస్తారు, రెజ్యూమేలతో. ఇంకోటి, వాట్సాప్ గ్రూపు పెట్టాలా వద్దా?

క్లియరింగ్_కోడ్

విద్యార్థుల్ని ఆపకండి తమ్ముడూ. మొదటిసారి ఎవరైనా వచ్చి వినొచ్చు. రెండోసారి రావాలంటే ఏదో ఒకటి చూపించాలి, కాలేజీ ప్రాజెక్టైనా, పరిష్కారం దొరకని ఒక బగ్గైనా. రెజ్యూమేలు ఆ గదిలో బయటికి తియ్యకూడదు. ఈ ఒక్క షరతుతో వందమంది ఎనిమిదిమంది అవుతారు, ఆ ఎనిమిదిమంది కోసం తర్వాత కంపెనీల వాళ్లే అడుగుతారు. మా దగ్గర పనిచేసే అమ్మాయి అలా వచ్చినదే.

గ్రూపు పెట్టండి, కానీ అడ్మిన్లు మాత్రమే రాసేలా. నెలకి రెండు మెసేజ్‌లు చాలు: ఎవరు చూపిస్తున్నారు, ఎవరి సమస్య వింటున్నాం. మీటప్ అయ్యాక ‘ఎవరు ఎవరికి ఏం చేస్తామన్నారు’ అని మూడు లైన్లు రాసి పెట్టండి. వచ్చే నెల మొదట అదే చదవాలి. డాక్టరుగారి నంబరు ఇస్తానన్న మనిషి ఇచ్చాడా లేదా నలుగురిలో తేలుతుంది.

మధురవాడ_లెక్చరర్

మా కాలేజీ నుంచి పిల్లల్ని పంపుతాను. హాజరైనట్టు సర్టిఫికెట్ ఇస్తారా అండి? లేకపోతే వాళ్లు కదలరు.

క్లియరింగ్_కోడ్

ఇవ్వం మాస్టారూ. సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లు కదలకపోతేనే మాకు హాయి. మీరు మాత్రం రండి.

గాజువాక_గురుడు

ఆటోనగర్‌లో ఒక్క నెల పెట్టండి, వర్క్‌షాపు వాళ్లని నేను కూర్చోబెడతాను. స్పేర్ పార్టుల ఉధారు లెక్కలు ఇప్పటికీ చిట్టాపుస్తకంలోనే నడుస్తున్నాయి, మీ కుర్రాళ్లకి కావలసినంత పని. ద్వారకానగర్‌కైతే నేను రాను.