లాక్ స్క్రీన్ ఒక్కటే పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు (లినక్స్ మింట్ 21.3, సినమన్ డెస్క్‌టాప్)

మహేంద్రతనయ:
పర్లాకిమిడిలో నెట్ సెంటర్ సిస్టమ్ అండి. కీబోర్డు లేఔట్లు మూడు: ఇంగ్లిష్, ఒడియా, తెలుగు. పాస్‌వర్డ్ మర్చిపోయి, పోయిన వారం రికవరీ మోడ్‌లో రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) వెళ్లి కొత్తది పెట్టాం. బూట్ అయ్యాక లాగిన్ బాగానే అవుతోంది, రూట్ హక్కులతో కమాండ్ నడిపే సుడోకీ అదే పాస్‌వర్డ్ పనిచేస్తోంది. కంట్రోల్+ఆల్ట్+ఎల్ కొట్టి లాక్ చేస్తే మాత్రం తప్పు పాస్‌వర్డ్ అంటోంది. పైగా క్రోమ్ తెరిచిన ప్రతిసారీ కీరింగ్ పాస్‌వర్డ్ అడుగుతోంది. రెండూ ఒకటే జబ్బా?

వంశధార:
కాదు మాస్టారూ, రెండు వేర్వేరు.

కీరింగ్ సంగతి సులువు. అది ప్రోగ్రాములు పాస్‌వర్డులు దాచుకునే పెట్టె, మీ పాత పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఉంది. మీరే లాగినై పాస్‌వర్డ్ మార్చుకుంటే పెట్టె తాళం కూడా మారుతుంది. రూట్ మారిస్తే, పాతది తెలీదు కాబట్టి పెట్టె జోలికి పోదు. ‘పాస్‌వర్డ్స్ అండ్ కీస్’ తెరిచి, లాగిన్ మీద కుడి క్లిక్ చేసి, పాతదీ కొత్తదీ ఇవ్వండి. మీకు పాతది గుర్తులేదు కాబట్టి హోమ్‌లో .లోకల్/షేర్/కీరింగ్స్ ఫోల్డర్‌లోని లాగిన్.కీరింగ్ పేరు మార్చి, లాగౌట్ అయి మళ్లీ రండి, కొత్త పెట్టె తయారవుతుంది. క్రోమ్ ఆ సిస్టమ్‌లో దాచిన పాస్‌వర్డులు పోతాయి, సింక్‌లో ఉన్నవే తిరిగొస్తాయి. విసుగుపుట్టి కీరింగ్‌కి ఖాళీ పాస్‌వర్డ్ పెట్టకండి. పదిమంది కూర్చునే చోట అన్నీ తాళం లేకుండా పడుంటాయి.

లాక్‌కి మొదటి అనుమానం లేఔటే. ఒడియాలో ఫారం కొడుతూ లాక్ చేస్తే లాక్ స్క్రీన్‌లోనూ ఒడియానే ఉండిపోవచ్చు. చుక్కలు ఏ భాషవో కంటికి తెలీదు. ఇంగ్లిష్‌కి మార్చి, క్యాప్స్ లాక్ చూసుకుని మళ్లీ కొట్టండి.

మహేంద్రతనయ:
కీరింగ్ కుదిరింది. ఇంగ్లిష్‌లో ఉంచి లాక్ చేసినా అదే పాట. ఇంకో మాట, మొన్న ప్రింటర్ డ్రైవర్ ఎక్కక, ఎక్కడో చూసి సుడోతో చౌన్ -ఆర్ రూట్:రూట్ /యూఎస్ఆర్/ఎస్‌బిన్ (ఆ ఫోల్డర్‌లోని అన్నిటి ఓనర్‌నీ గ్రూపునీ రూట్‌గా మార్చే కమాండ్) కొట్టాం. దానికీ దీనికీ ఏమైనా లంకె ఉందా?

నాగావళి గట్టు:
దొంగ దొరికాడు.

పాస్‌వర్డ్ హాష్‌లు (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చినవి) ఉండే /ఈటీసీ/షాడో ఫైలుని మామూలు యూజర్ చదవలేడు. లాగిన్ స్క్రీన్ రూట్‌గా నడుస్తుంది, సుడో సెట్‌యుఐడీ (ఎవరు నడిపినా దాని ఓనర్ రూట్ హక్కులతోనే నడుస్తుంది), కాబట్టి వాటికి అడ్డులేదు. లాక్ స్క్రీన్ మాత్రం మీ యూజర్ పేరుతోనే నడుస్తుంది. అందుకని అది /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌లోని యూనిక్స్_సీహెచ్‌కేపీడబ్ల్యూడీ అనే చిన్న ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. దాని గ్రూపు ‘షాడో’, పైన సెట్‌జీఐడీ బిట్ (ఎవరు నడిపినా ఆ గ్రూపు హక్కులిచ్చే గుర్తు) ఉంటుంది. మీ చౌన్‌తో గ్రూపు రూట్ అయిపోయింది. చౌన్ కొడితే సెట్‌జీఐడీ బిట్‌ని కర్నెలే తీసేస్తుంది. ఇక ఆ ప్రోగ్రామ్ షాడో ఫైలు తెరవలేదు, మీరు ఎంత సరిగా కొట్టినా తప్పే అంటుంది.

ఆ ప్రోగ్రామ్ ఫైలు మీద ఎల్ఎస్ -ఎల్ పెట్టి ఓనరూ, గ్రూపూ, హక్కులూ చూడండి. రూట్ రూట్ అనీ, హక్కుల్లో ఎక్కడా ‘ఎస్’ లేకుండానూ కనిపిస్తే ఇదే. చేత్తో సరిచేసేట్టయితే ముందు చౌన్‌తో రూట్:షాడో చేసి, తర్వాతే హక్కులు మార్చే సీహెచ్‌మాడ్ 2755 దాని మీదే కొట్టాలి. వరస తిరగబడితే బిట్ మళ్లీ ఎగిరిపోతుంది. ఇంతకంటే ప్యాకేజీనే మళ్లీ ఎక్కించడం మేలు: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లిబ్‌పామ్-మాడ్యూల్స్-బిన్. ఓనరూ బిట్లూ రెండూ అదే సర్దుతుంది.

ఇప్పుడు లాక్‌లో ఇరుక్కుని ఉంటే పవర్ బటన్ నొక్కకండి, తెరిచిన ఫారాలు పోతాయి. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3తో లాగినై, సుడో లాగిన్‌సీటీఎల్ అన్‌లాక్-సెషన్స్ కొట్టి, కంట్రోల్+ఆల్ట్+ఎఫ్7తో వెనక్కి రండి.

మహేంద్రతనయ:
రూట్ రూట్ అనే ఉంది, ‘ఎస్’ లేదు. ప్యాకేజీ ఎక్కించాక గ్రూపు షాడో అయింది, ‘ఎస్’ వచ్చింది. రీబూట్ కూడా అక్కర్లేకుండా లాక్ తెరుచుకుంది. ప్రింటర్ మాత్రం ఇంకా ఎక్కలేదండి.

వంశధార:
దానికి వేరే ప్రశ్న వేయండి, ఎల్ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీకి తగిలించినవి చూపే కమాండ్) చూపించే ప్రింటర్ లైను పెడుతూ. ఈలోగా దేనిమీదా చౌన్ -ఆర్ వద్దు.