నెయ్‌గువాన్ సూది సరిగ్గా బిందువు మీదే పడాలా, దరిదాపుల్లో పడినా చాలా?

తక్కెడ:
వికారానికి, వాంతులకు చైనా వైద్యంలో ముందుగా చూసేది ముంజేతి లోపలివైపు ఉండే నెయ్‌గువాన్ అనే ఆక్యుపంక్చర్ బిందువు, అంటే పీసీ6. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2015 సమీక్ష 59 పరీక్షలను, 7,667 మందిని కలిపి చూసింది. ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే ఆపరేషన్ తర్వాతి వికారం దాదాపు మూడోవంతు, వాంతులు 40 శాతం తగ్గాయి. అంకెలు బాగానే ఉన్నాయి గానీ ఆధారాల నాణ్యత తక్కువేనని సమీక్షకులే రాశారు. పైగా సూది వేసేవారికి అది అసలో ఉత్తుత్తో తెలిసే ఉంటుంది. ఇంతోటిదానికి అర అంగుళం అటా ఇటా అని పట్టింపు దేనికి?

సూదిమొన:
చెయ్యి చూస్తే తెలుస్తుంది తక్కెడ గారూ, ఎందుకో. మణికట్టు మడత నుంచి మోచేతి మడత దాకా 12 చున్‌లు. బిందువు మణికట్టు మడతకు 2 చున్‌ల పైన. చున్ అనేది రోగి ఒంటిని బట్టి మారే కొలత. రెండు మడతల మధ్య 24 సెం.మీ. ఉంటే 2 చున్‌లు 4 సెం.మీ., 21 ఉంటే మూడున్నరే. ఆ 2 చున్‌లను మూడు వేళ్లు అడ్డంగా పెట్టి కొలిచేటప్పుడు రోగి వేళ్లే పెట్టాలి. పెద్దవాళ్ల వేళ్లతో పిల్లల చేతిని కొలిస్తే గుర్తు మోచేతి వైపు జరిగిపోతుంది.

ఇక అడ్డంగా చోటు. అరచెయ్యి పైకి ఉంచి మణికట్టు కొద్దిగా లోపలికి వంచితే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) తేలతాయి, పామారిస్ లాంగస్, ఫ్లెక్సర్ కార్పి రేడియాలిస్. బిందువు వాటి సందులో. కొందరికి పుట్టుకతోనే పామారిస్ లాంగస్ ఉండదు. బొటనవేలి కొస చిటికెనవేలికి ఆనించి మణికట్టు వంచమనండి, మధ్యలో ఏమీ లేవకపోతే లేనట్టే. అలాంటి చేతికి రేడియాలిస్ టెండన్‌ని ఆనుకుని, చిటికెనవేలి వైపున చూడాలని 2008 నాటి డబ్ల్యుహెచ్ఓ ప్రమాణం. బొటనవేలి వైపుకి పోతే నాడి చూసే ధమని తగులుతుంది.

0.25 × 25 మి.మీ. సూది, ఒకసారి వాడి పారేసేది. నిటారుగా అర చున్ నుంచి ఒక చున్ లోపు. బరువుగా, మొద్దుబారినట్టు ఉంటే సరే. వేళ్లలోకి షాక్ కొట్టినట్టు జివ్వుమంటే ముంజేతి మధ్యగా వేళ్లలోకి పోయే మీడియన్ నరాన్ని తాకినట్టు. ఇక అక్కడ తిప్పొద్దు, ఎత్తి దించొద్దు. చర్మం కిందికి లాగి దిశ మార్చాలి.

మత్తుమాస్టారు:
నరం జోలికి పోవద్దని మీరంటున్నారు. నేనేమో పనంతా ఆ నరానిదే అంటాను. 1991లో డండీ, ఘాలీ ఆ చోటికి ముందే లోకల్ మత్తు ఇచ్చి చూస్తే వాంతులు ఆపే గుణం పోయింది. 2007లో ఆర్న్‌బెర్గర్ బృందం ఇంకో పని చేసింది. ఆపరేషన్‌లో కండరాల సడలింపు కొలిచే యంత్రం ఎలాగూ పెడతాం, మామూలుగా చిటికెనవేలి వైపుండే అల్నార్ నరం మీద. వాళ్లు ఆ ఎలక్ట్రోడ్లను మీడియన్ నరం మీదికి మార్చారు. వికారమో వాంతులో వచ్చినవాళ్లు 61 శాతం నుంచి 45కి దిగారు. ఆ తగ్గుదల ఎక్కువగా వికారంలోనే. వాంతుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

తక్కెడ:
మరి 1996 వికర్స్ సమీక్ష మాటేమిటి మాస్టారూ? 33 పరీక్షల్లో, మత్తులో ఉండగా చేసిన నాలుగూ విఫలం. మిగతా 29లో 27 నెగ్గాయి. మెలకువగా ఉన్నవాళ్లకే పనిచేసే సూదిని నమ్మకం అనక ఏమంటారు?

మత్తుమాస్టారు:
2007 నాటి వాళ్లు కూడా మత్తులోనే ఉన్నారండీ. కాసేపు సూది తిప్పడానికీ, ఆపరేషన్ పొడుగునా సెకనుకోసారి కరెంటు పంపడానికీ పోలికా?

వార్డు_అక్క:
మీ వాదన మీది. ఈ బిందువును నొక్కడానికి చేతికి కట్టే గుండీ పట్టీ ఉంటుంది కదా, దాని గుండీ తప్పుచోట పెట్టుకునేవాళ్లే ఎక్కువ. వాచీలా మడత మీద కడతారు, గుండీ పక్కకి తిరిగి ఎముక మీద కూర్చుంటుంది. కట్టాక గుండీని రెండు టెండన్ల మధ్యకు జరిపి చూడండి. ఘాట్ రోడ్డు ప్రయాణమైతే బస్సెక్కకముందే కట్టాలి. వేళ్లు ఉబ్బినా తిమ్మిరెక్కినా తీసెయ్యండి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపిన చోటు) ఉన్న చేతికి వద్దే వద్దు. గుండెదడకు కూడా ఇదే బిందువు చెబుతారు కదా అని ఛాతీ నొప్పితో వాంతులవుతుంటే నొక్కుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చెయ్యండి.

సూదిమొన:
మాస్టారూ, అంతా నరమే అయితే 3 చున్‌ల దగ్గరి జియాన్‌షి (పీసీ5), మణికట్టు మడత మీది దాలింగ్ (పీసీ7) కూడా ఆ నరం మీదివే. అవీ ఇంతే పనిచెయ్యాలి మరి.

తక్కెడ:
ఉత్తుత్తి చోటుగా పెట్టాల్సింది ఆ రెండింటినే. మీడియన్ నరం లేని చోట గుచ్చి, పీసీ6 గెలిచిందంటే మీ ఇద్దరిలో ఎవరు నెగ్గినట్టు?

మత్తుమాస్టారు:
ఎవరూ కాదు, ఒప్పుకుంటాను. పీసీ5 మీద, పీసీ6 మీద ఒకే కరెంటు, ఒకే వ్యవధి, రోగి మత్తులో, వికారం లెక్క రాసేవారికి ఏ చోటో తెలియకుండా. అలా చేస్తే తేలుతుంది. అందాకా వాంతుల ముప్పు ఎక్కువున్నవాళ్లకి వాంతులు ఆపే మందు ఆన్‌డాన్‌సెట్రాన్ మానను, ఎలక్ట్రోడ్ మాత్రం మీడియన్ నరం మీదే పెడతాను.