జెలటిన్ మైక్రోస్ఫియర్ల నుంచి ప్రొటీన్ విడుదల మధ్యలో ఆగిపోయింది, ఎక్కడ తప్పు?

ప్రశ్న: జెలటిన్ గొలుసులను గ్లూటరాల్డిహైడ్‌తో ఒకదానికొకటి ముడివేసి (క్రాస్‌లింక్) మైక్రోస్ఫియర్లు (సూక్ష్మ గుళికలు) తయారుచేశాను. ఆరబెట్టాక బీఎఫ్‌జీఎఫ్ (కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రొటీన్) ద్రావణం చుక్కలుగా పోసి పీల్చుకోనిచ్చాను. 37 డిగ్రీల దగ్గర పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు బఫర్) ఉంచి, బయటికొచ్చిన ప్రొటీన్‌ను కొలవడానికి రోజూ ఎలైజా పరీక్ష చేస్తున్నాను. మొదటి రోజు పావు వంతు బయటికొచ్చింది. ఆ తర్వాత పన్నెండు రోజులుగా గ్రాఫ్ కదలడం లేదు. ప్రొటీన్ లోపలే పాడైపోయిందా? సోమవారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఏ జెలటిన్ అండీ? డబ్బా మీద టైప్ ఏ అని ఉందా, బీ అని ఉందా? ఈ పద్ధతి ఎక్కడిది?

ప్రశ్న వేసినవారు: బీ. పద్ధతి మా సీనియర్‌ది. ఆయన పీఎల్‌జీఏ అనే కృత్రిమ పాలిమర్ మీద చేశారు.

జవాబు: చిక్కు అక్కడే ఉంది. పీఎల్‌జీఏ గొలుసులను నీళ్లే తెంచుతాయి. అందుకే ఉత్త పీబీఎస్‌లోనూ అది కరిగి మందును వదులుతుంది. క్రాస్‌లింక్ అయిన జెలటిన్ అలా కాదు, దాన్ని కోయడానికి ఎంజైమ్ కావాలి. శరీరంలో ఉంటుంది, మీ ట్యూబులో లేదు.

ఇక టైప్ బీ సంగతి. క్షారంతో శుద్ధి చేసిన ఈ జెలటిన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 5 దగ్గర ఉంటుంది (యాసిడ్‌తో చేసిన టైప్ ఏది 9 దాకా పోతుంది, పేర్లు తిరగేసినట్టుంటాయి, నేనూ ఒకసారి బోల్తా పడ్డాను). కాబట్టి పీహెచ్ 7.4 వద్ద మీ జెలటిన్‌ది రుణావేశం. బీఎఫ్‌జీఎఫ్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 9.6 కనుక దానిది ధనావేశం. రెండూ గట్టిగా పట్టుకుంటాయి. మొదటి రోజు వచ్చింది ఆ పట్టులో పడని వంతు. మిగతాది జెలటిన్ కరిగితేనే కదులుతుంది. నా లెక్కలో మీ క్యారియర్ (మందును మోసే జెలటిన్ గుళికలు) బాగానే పనిచేస్తోంది, పరీక్షే తప్పు.

జెలటిన్‌ను కోసే ఎంజైమ్ కొలాజనేజ్ కలిపి చూడండి. దానికి కాల్షియం కావాలి, పీబీఎస్‌లోని ఫాస్ఫేట్ దాన్ని పట్టేస్తుంది కాబట్టి పీబీఎస్ వద్దు, కాల్షియం క్లోరైడ్ వేసిన ట్రిస్ బఫర్ వాడండి. శుద్ధి తక్కువైన కొలాజనేజ్‌లో ఇతర ప్రొటియేజ్‌లు (ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌లు) ఉంటే అవి బీఎఫ్‌జీఎఫ్‌నీ కొరికేస్తాయి. అందుకని ఒక ట్యూబులో జెలటిన్ లేకుండా ఉత్త బీఎఫ్‌జీఎఫ్, కొలాజనేజ్ మాత్రమే ఉంచండి. అందులో ఎలైజా అంకె పడిపోతే తక్కినవాటినీ నమ్మలేం.

మరొకరు: ట్యూబు గోడలకు అంటుకుపోయే ప్రొటీన్‌ని మర్చిపోకండి. నానోగ్రాముల్లో పనిచేసేటప్పుడు అదే సగం మింగేస్తుంది. బఫర్‌లో 0.1 శాతం బీఎస్ఏ (గోడలకు తానే అంటుకుని మీ ప్రొటీన్‌ను కాపాడే ఆవు సీరం ఆల్బుమిన్) వేయండి, తీసిన శాంపిల్ వెంటనే ఫ్రీజ్ చేయండి.

ప్రశ్న వేసినవారు: అయితే ఇప్పుడున్న ట్యూబులు పారేయాలా?

జవాబు: అస్సలు వద్దు! సగం ట్యూబుల్లో పైనున్న పీబీఎస్ తీసేసి కొలాజనేజ్ బఫర్ పోయండి. మిగతా సగంలో ఎంజైమ్ లేకుండా అదే బఫర్. గుళికలు కరిగి ఎలైజా అంకె లేస్తే ఆ రెండు గీతల్నీ ఒకే గ్రాఫ్‌లో పెట్టి సోమవారం చూపించండి. గుళికలు పూర్తిగా కరిగినా అంకె లేవకపోతే మాత్రం మీ అనుమానమే నిజం, అప్పుడు ప్రొటీన్ నింపడం (లోడింగ్) దగ్గర్నుంచి మళ్లీ చూద్దాం.