ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) వినే దారి కదపకుండా పాత ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) స్ట్రీమింగ్ కలపడం ఎట్లా?

అలిపిరి_ఎల్పీ (తిరుపతి)
అందరికీ నమస్కారం. హాల్లో ఉన్న సెట్టు ఇది: బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం), ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ని పెంచే భాగం) లోపలే ఉన్న ఎనభైల నాటి ఇంటిగ్రేటెడ్ ఆంప్. వెనక ఫోనోకి మాత్రమే ఆర్‌సీఏ (చానల్‌కి ఒకటి చొప్పున గుండ్రటి) సాకెట్లు. ట్యూనర్, టేపు రెండూ ఐదు పిన్నుల డిన్ సాకెట్లు. ఇంట్లోవాళ్లు ఫోన్లోంచి పాటలు పెట్టుకోవాలి, ఎల్పీ దారి మాత్రం ఇసుమంత కూడా మారకూడదు. మామూలు బ్లూటూత్ డబ్బాని రెడీమేడ్ డిన్ కేబులుతో టేపులో పెడితే శబ్దం పీలగా, బావిలోంచి వచ్చినట్టు ఉంది. ఫోనోలో పెడితే బేస్ బొయ్‌మని మోగి, గొంతు పగిలిపోతోంది. ఏం కొనాలి, ఎక్కడ కలపాలి? సోల్డరింగ్ చేతనవును.

చిత్తూరు_సోల్డర్
ముందు ఆ డబ్బాని ఫోనోలోంచి పీకేయన్నా. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. ఫోనో స్టేజ్ దాన్ని తిరగేస్తుంది: 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర అంతే తగ్గిస్తుంది. పైగా కార్ట్రిడ్జ్ ఇచ్చే నాలుగైదు మిల్లీవోల్టుల్ని వంద రెట్లు చేస్తుంది. అలాంటి చోటికి వోల్టుల్లో సిగ్నల్ పంపితే పగలక ఏమవుతుంది?

టేపులో పీలగా రావడానికి కారణం కేబులు. డిన్ పిన్నులు అర్ధచంద్రంలా వరుసగా 1, 4, 2, 5, 3 ఉంటాయి. నడుమ ఉన్న 2 గ్రౌండ్. ఆంప్ లోపలికి పోయే దారి 3 ఎడమ, 5 కుడి. 1, 4 రికార్డింగ్ కోసం బయటికి వచ్చేవి. నీ కేబులు 1, 4కి కట్టి ఉంటుంది, మల్టీమీటరు కంటిన్యుటీలో (ఏ వైరు ఏ పిన్నుకి కలిసిందో చూపే సెట్టింగులో) పెట్టి చూడు. ప్లగ్గుని ముందు నుంచి చూస్తే ఒక వరుస, సోల్డర్ వైపు నుంచి చూస్తే తిరగబడిన వరుస. అందరూ తప్పేది ఇక్కడే. పిన్ను పక్కన అచ్చు పోసిన అంకె చదివి కట్టు.

ఇంకో మాట. ఆ కాలపు డిన్ ఇన్‌పుట్లు 200 మిల్లీవోల్టుల చుట్టుపక్కల సిగ్నల్‌కి చేసినవి, ఇప్పటి స్ట్రీమరు (నెట్ పాటలు వినిపించే డబ్బా) 2 వోల్టులు ఇస్తుంది. నేరుగా పెడితే వాల్యూమ్ నాబ్ కొంచెం కదిపితేనే ఇల్లు అదురుతుంది, అంత కింద పాత నాబ్‌లో ఎడమ కుడి సమంగా కూడా ఉండవు. ఒక్కో చానల్‌కి సిగ్నల్ దారిలో 10 కిలో ఓమ్‌లు, దాని తర్వాత సిగ్నల్ నుంచి గ్రౌండ్‌కి 1.2 కిలో ఓమ్‌లు పెట్టు. పావు వాట్ మెటల్ ఫిల్మ్ చాలు, మొత్తం నాలుగు రెసిస్టర్లు. 2 వోల్టులు 210 మిల్లీవోల్టులకి దిగుతాయి. వీటిని ఆంప్ వైపు, డిన్ ప్లగ్గు దగ్గరే కట్టాలి. ఒక్కో కాలుకి స్లీవు తొడుగు, లేకుంటే మూత బిగించగానే షార్ట్ అవుతుంది.

కొర్లగుంట_33
బ్లూటూత్ డబ్బా వద్దండి. అందులో ఫోను పాటని మళ్లీ కుదించి పంపుతుంది, ఫోనొస్తే పాట ఆగుతుంది, ఫోను వంటింట్లోకి పోతే తెగుతుంది. వైఫై స్ట్రీమరు తీసుకోండి. స్పాటిఫై కనెక్ట్ లాంటి పద్ధతిలో స్ట్రీమరే నేరుగా నెట్ నుంచి పాట తెచ్చుకుంటుంది, ఫోను రిమోట్ మాత్రమే. ఎవరి ఫోన్లోంచైనా పెట్టుకోవచ్చు. వీమ్ ప్రో లాంటిదైతే ఆర్‌సీఏ లైన్ అవుట్, లాన్ (రౌటరు నుంచి వైరు పెట్టే) సాకెట్ రెండూ ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) మీద డాక్ బోర్డు (డిజిటల్‌ని అనలాగ్ చేసేది) పెట్టి వోల్యూమియో అనే పాటల సాఫ్ట్‌వేర్ ఎక్కించినా పని జరుగుతుంది, కానీ ఇంట్లోవాళ్లందరూ వాడే సెట్టుకి నేనైతే రెడీమేడ్ డబ్బానే చెబుతాను. కరెంటు పోయినప్పుడు మెమరీ కార్డు పాడైతే మళ్లీ అంతా మొదటికి.

కొన్ని స్ట్రీమర్లకి అనలాగ్ ఇన్‌పుట్ కూడా ఉంటుంది. టర్న్‌టేబుల్‌ని దాని గుండా తిప్పకండి, ఎల్పీ శబ్దం డిజిటల్‌గా మారి బయటికొస్తుంది. స్ట్రీమరు ట్యూనర్‌లోకి, ఎల్పీ ఎప్పటిలా ఫోనోలోకి. కట్టడం అయ్యాక ఒకే సుప్రభాతం రికార్డింగుని ఎల్పీలోనూ స్ట్రీమింగులోనూ పెట్టి సెలెక్టర్ తిప్పుతూ వినండి. ఒకటి పెద్దగా ఉంటే అదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది, కాబట్టి యాప్‌లో లైన్ అవుట్ తగ్గించి రెండూ సమం చేశాకే బాగోగులు తేల్చండి.

స్ట్రీమర్ని కార్ట్రిడ్జ్‌కి, ఫోనో వైర్లకి కనీసం ఒక అడుగు దూరంలో పెట్టండి, దాని అడాప్టర్ని ఇంకా దూరంగా. మరొకటి, మన వైపు నవంబరు వానల్లో ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు లాన్ వైరు కూడా పీకేయాలి. పిడుగు ఆ దారినీ వస్తుంది.

అలిపిరి_ఎల్పీ
కేబులు చూశాను, మీరన్నట్టే 1, 4కి కట్టి ఉంది. 3, 5కి మార్చి రెసిస్టర్లు పెట్టాక ట్యూనర్‌లో గొంతు తేటగా వస్తోంది. స్ట్రీమరు లాన్ మీద పెట్టాను. ఇప్పుడు ఎల్పీ పెట్టినప్పుడు సన్నగా ఊఁ అని హమ్. ఇదివరకు లేదు. సెలెక్టర్ ఫోనో మీద ఉన్నప్పుడు ట్యూనర్‌లో ఉన్నదానితో ఏం సంబంధం?

చిత్తూరు_సోల్డర్
సెలెక్టర్ సిగ్నల్నే మారుస్తుందన్నా, గ్రౌండ్ అన్నిటికీ ఒకటే. డిన్ ప్లగ్గు పీకి చూడు, హమ్ పోతే గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి చుట్టులా ఏర్పడటం) ఆ దారిలోనే ఉంది. మళ్లీ పెట్టి లాన్ వైరు మాత్రం పీకు. అప్పుడు పోతే అది షీల్డ్ ఉన్న లాన్ కేబులు. రెండు కొసలా లోహపు తొడుగు కనిపిస్తుంది, రౌటరు గ్రౌండ్‌ని అదే మోసుకొస్తోంది. ప్లాస్టిక్ కొసలున్న మామూలు కేబులు వేయి, లాన్ సాకెట్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కాబట్టి దాని గుండా లూప్ పడదు. వైఫైకి మార్చినా సరే. అప్పటికీ పోకపోతే టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు ఆంప్ స్క్రూ కింద బిగిసి ఉందా చూడు, డిన్ ప్లగ్గు కోసం ఆంప్‌ని ముందుకి లాగినప్పుడు వదులై ఉండొచ్చు. హమ్ పోతుందని ఆంప్ మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ మాత్రం కత్తిరించొద్దు, షాక్ కొట్టొచ్చు.

కొర్లగుంట_33
కరెంటు ఉన్నప్పుడా, ఇన్వర్టర్ మీదా? స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆంప్ ఎలాగూ జుయ్‌మంటుంది. ముందు మెయిన్స్ మీద పరీక్షించి చెప్పండి.