ఫ్లాష్ ఇప్పుడు నేర్చుకుంటే పనికొస్తుందా?

అన్నలూ, అక్కలూ, చిన్న సలహా కావాలి. మా తమ్ముడు గుంటూరు బ్రాడీపేటలో మల్టీమీడియా కోర్సులో చేరతానంటున్నాడు. సిలబస్ కాగితంలో ఫ్లాష్ (వెబ్ యానిమేషన్లు, గేమ్‌లు చేసే పాత అడోబీ సాఫ్ట్‌వేర్), దాని కోడింగ్ భాష యాక్షన్‌స్క్రిప్ట్ ఇంకా ఉన్నాయి! 2020 డిసెంబర్ 31తోనే అడోబీ, బ్రౌజర్‌లో వాటిని ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌కి సపోర్ట్ ఆపేసింది కదా. ఐఫోన్‌లో అయితే మొదటినుంచీ లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే "బేసిక్స్ కోసమండీ" అన్నారు. టైమ్‌లైన్, కీఫ్రేమ్, ట్వీనింగ్ లాంటి యానిమేషన్ బేసిక్స్ ఫ్లాష్‌కి కొత్త పేరైన అడోబీ యానిమేట్‌లోనూ అవే, పైగా బ్రౌజర్‌లో నేరుగా ఆడే హెచ్‌టీఎమ్ఎల్5 కాన్వాస్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, కాబట్టి ఆ ముక్క ఒప్పుకుంటా. నా అనుమానమల్లా యాక్షన్‌స్క్రిప్ట్ మీదే. పాత ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్) ఫైళ్లు ఆడించడానికి రఫుల్ అనే ప్రోగ్రామ్ ఉంది సరే, అంతమాత్రానికి ఆ కోడ్ నేర్వాలా? నేరుగా జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ యానిమేషన్‌తో మొదలుపెట్టమననా? విజయవాడ, గుంటూరు వైపు డిజైన్, డెవలప్‌మెంట్ చేసేవాళ్లు, ఇంటర్వ్యూకొచ్చే కుర్రాళ్లని ఏం అడుగుతున్నారో కాస్త చెప్పండి. సోమవారం ఫీజు కట్టాలి.